ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఆరు వారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి 71వ ఏట ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ఆపరేషన్ ఎలా చేస్తారో ముందే వివరంగా చెప్పారు. ఇంటికొచ్చాక ఎలా ఉంటుందో మాత్రం డిశ్చార్జి కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇచ్చారు. ఆ నాలుగు లైన్లలో లేని విషయాలే మాకు రాత్రిళ్ళు నిద్ర లేకుండా చేశాయి. అప్పటినుంచి తెలిసినవాళ్ళలో ఎవరికి ఈ ఆపరేషన్ అయినా ఫోన్ నాకే వస్తుంది. వాళ్ళు పదే పదే అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. ఇవన్నీ వయసుతో వచ్చే మామూలు ప్రోస్టేట్ వాపుకు చేసే ఆపరేషన్ గురించి. క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తీసేసే ఆపరేషన్ వేరు, దాని జాగ్రత్తలూ వేరు. మీ డాక్టర్ చెప్పింది దీనికి భిన్నంగా ఉంటే డాక్టర్ మాటే వినండి. మీ లోపలి గాయాన్ని కళ్ళతో చూసింది వాళ్ళే.

బయట కోత లేదు, కుట్లు లేవు. మరి కోలుకోవడానికి ఇన్ని వారాలు ఎందుకు?

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. అది పెరిగి నాళాన్ని నొక్కేస్తే ధార సన్నబడుతుంది, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంది, కొందరికి మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. టీయూఆర్‌పీ అనే ఆపరేషన్‌లో మూత్రనాళంలోంచే పరికరం పంపి, కరెంటుతో పనిచేసే సన్నటి తీగ ఉచ్చుతో అడ్డుగా ఉన్న భాగాన్ని ముక్కలు ముక్కలుగా చెక్కి తీస్తారు. హోలెప్ అనే లేజర్ పద్ధతిలో తొక్క ఉంచి లోపలి గుజ్జు ఒలిచినట్టు అడ్డుగా ఉన్న కండను మొత్తంగా విడదీసి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ నుజ్జు చేసి పీల్చేస్తారు.

రెండిట్లోనూ చర్మం మీద గాటు ఉండదు. కానీ లోపల ఒక గుంత మిగులుతుంది. దాని గోడంతా పచ్చి పుండు. చేతికి దెబ్బ తగిలితే కట్టు కట్టి, తడి తగలకుండా చూసుకుంటాం. ఈ పుండు మీదుగా మాత్రం రోజుకు పదిసార్లు మూత్రం పోతూనే ఉంటుంది. దాని మీద కొత్త పొర పరుచుకోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. కనిపించని గాయం కాబట్టి మనిషి మర్చిపోతాడు, ఇంట్లోవాళ్ళూ మర్చిపోతారు. నేను చూసిన ఇబ్బందుల్లో సగానికి పైగా అలా మర్చిపోవడం వల్ల వచ్చినవే.

గ్రంథి మరీ పెద్దదైతే కొందరికి పొత్తికడుపు దగ్గర కోత పెట్టి చేస్తారు. వాళ్ళు ఆసుపత్రిలో ఇంకొన్ని రోజులు ఎక్కువ ఉండాలి, మూత్రం బయటికి పోవడానికి మూత్రనాళంలోంచి మూత్రాశయంలోకి పెట్టే పైపు (క్యాథెటర్) కూడా ఎక్కువ రోజులు ఉంటుంది.

ఆపరేషన్ థియేటర్ నుంచి తెచ్చేసరికి బ్యాగ్‌లో మూత్రం ఎర్రగా ఉంది. పైన పెద్ద సెలైన్ సంచులు వేలాడుతున్నాయి. ఏమిటిదంతా?

ఆ సెలైన్ నరంలోకి ఎక్కించేది కాదు. మూత్రాశయాన్ని కడగడానికి పెట్టింది. పైపుకు మూడు దారులు ఉంటాయి. ఒకదాంట్లోంచి సెలైన్ లోపలికి వెళ్తుంది, రెండోదాంట్లోంచి మూత్రంతో కలిసి బయటికి వస్తుంది, మూడోది లోపల ఉన్న చిన్న బెలూన్‌ను ఉబ్బించడానికి. రక్తం గడ్డకట్టి పైపు మూసుకుపోకుండా ఇలా కడుగుతూ ఉంటారు.

చూడాల్సింది రంగు. మా నాన్నగారి మంచం పక్కన కూర్చుని నేను ఆ సన్నటి గొట్టాన్నే చూస్తుండేవాణ్ణి. సాయంత్రం చిక్కటి ఎరుపు, అర్ధరాత్రికి పలచబడింది, తెల్లారేసరికి లేత గులాబీ. అటూ ఇటూ పక్కకు తిరిగినప్పుడల్లా మళ్ళీ కాస్త ఎర్రబడేది. అదంతా మామూలే. రంగు తగ్గినకొద్దీ సెలైన్ వేగం తగ్గించి ఆపేస్తారు. సెలైన్ లోపలికి వెళ్తూ బ్యాగ్‌లోకి ఏమీ రాకపోతే, పొట్ట బిగుసుకుంటుంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా నర్సును పిలవండి. పైపులో గడ్డ అడ్డం పడి ఉండొచ్చు.

పైపు ఉండగానే అర్జెంటుగా మూత్రం వస్తున్నట్టు అనిపిస్తోంది. పైపు పక్కనుంచి తడి కూడా అవుతోంది.

లోపలి బెలూన్ మూత్రాశయం గోడకు ఆనుతుంటే అది పిండేస్తున్నట్టు బిగుసుకుంటుంది. పొత్తికడుపులో పట్టేసినట్టు నొప్పి, అర్జెంటుగా వెళ్ళాలనే బాధ, పైపు చుట్టూ కాస్త లీక్ వస్తాయి. ముక్కి పోయాలని ప్రయత్నించకండి, ఇంకా ఎక్కువవుతుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఒళ్ళు సడలించండి. నర్సుకు చెబితే ముందు పైపు మూసుకుపోలేదని చూసుకుని, అవసరమైతే ఆ బిగువు తగ్గే మాత్ర ఇస్తారు. పైపు తీసేస్తే చాలావరకు తగ్గిపోతుంది.

పైపుతోనే ఇంటికి పంపారు. ఎలా చూసుకోవాలి?

చాలామందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆసుపత్రిలోనే తీసేస్తారు. కొందరిని పైపుతో ఇంటికి పంపి, కొన్ని రోజుల తర్వాత రమ్మంటారు. భయపడాల్సింది ఏమీ లేదు, కొన్ని పట్టింపులు ఉన్నాయంతే.

బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి. మంచం మీద ఒంటి పక్కన పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. అలాగని నేల మీద పడేయకూడదు, మంచం అంచుకు తగిలించాలి. పైపును తొడకు పట్టీతో అంటించి ఉంచాలి. నడుస్తుంటే అది లాగినప్పుడల్లా రక్తం వస్తుంది. బ్యాగ్ నిండేదాకా ఆగకుండా సగం దాటగానే ఖాళీ చేయండి. ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కోండి. స్నానం చేయొచ్చు. పైపు బయటికొచ్చే చోట రోజూ సబ్బునీళ్ళతో మెత్తగా కడగండి. ముందు చర్మం వెనక్కి లాగి కడిగితే తర్వాత తప్పకుండా మళ్ళీ ముందుకు తేవాలి. అలా వదిలేస్తే అక్కడ వాచి బిగుసుకుపోతుంది. ఇది చాలామంది సిగ్గుతో చెప్పరు, అందుకే రాస్తున్నాను.

పైపును ఇంట్లో ఎవరూ లాగకూడదు. లోపల బెలూన్ ఉబ్బి ఉంటుంది, అలాగే లాగితే మూత్రనాళం చిరుగుతుంది. నిద్రమత్తులో లాగేసుకునే పెద్దవాళ్ళు ఉంటే మొదటి రాత్రులు పక్కన ఎవరైనా పడుకోండి.

పైపు తీసే రోజు ఏం జరుగుతుంది?

బెలూన్‌లోని నీళ్ళను సిరంజితో లాగేసి పైపు తీస్తారు. కొన్ని సెకన్ల మంట, అంతే. తర్వాత నీళ్ళు తాగించి, మూత్రం పోసిన ప్రతిసారీ కొలుస్తారు. లోపల ఎంత మిగిలిందో స్కాన్‌తో చూస్తారు.

మా నాన్నగారికి ఒక ప్లాస్టిక్ కొలత మగ్గు ఇచ్చారు. మొదటిసారి 60 మిల్లీలీటర్లు, అదీ గులాబీ రంగులో, మంటతో. ఆయన ముఖం వాడిపోయింది. మూడోసారికి 200 దాటింది. ఆ మగ్గును పైకెత్తి వెలుతురులో మాకు చూపించారు. ఆరేళ్ళ తర్వాత అలాంటి ధార చూశానన్నారు.

అందరికీ తొలి ప్రయత్నంలోనే రాదు. మూత్రం రాకపోతే మళ్ళీ పైపు వేసి, వారం పది రోజులకు ఇంకోసారి చూస్తారు. అంతమాత్రాన ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు. ఏళ్ళ తరబడి అడ్డును నెట్టీ నెట్టీ కొందరి మూత్రాశయం అలిసిపోయి ఉంటుంది, దానికి కాస్త టైం ఇవ్వాలి. మరీ బలహీనపడిన కొద్దిమందికి మాత్రం సన్నటి పైపుతో రోజూ తామే మూత్రం తీసుకోవడం నేర్పిస్తారు.

మంట ఎన్నాళ్ళుంటుంది? మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోంది. ఆపరేషన్ ముందే నయమనిపిస్తోంది.

ఈ మాట అననివాళ్ళు తక్కువ. మంట సాధారణంగా రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతుంది. అర్జెంటుగా రావడం, మాటిమాటికీ వెళ్ళడం ఆరు వారాల వరకు, కొందరికి మూడు నెలల వరకు ఉండొచ్చు. ఏళ్ళుగా అడ్డుతో కుస్తీ పట్టిన మూత్రాశయానికి దారి తెరుచుకున్న సంగతి ఇంకా అలవాటు కాలేదు. పైగా మూత్రం పచ్చి పుండు మీదుగా పోతోంది. ధార లావుగా వస్తోందా లేదా అన్నది చూసుకోండి. ధార బాగుంటే మిగతావి వెనకాలే సర్దుకుంటాయి. తగ్గుతూ వచ్చిన మంట ఉన్నట్టుండి పెరిగినా, మూత్రం చిక్కగా, దుర్వాసనతో వచ్చినా పరీక్ష చేయించాలి.

మూత్రం తేటగా అయిపోయింది. రెండో వారంలో మళ్ళీ రక్తం! ఏమైనట్టు?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, కాబట్టి వివరంగా చెప్తాను.

పన్నెండో రోజు. నాన్నగారు హుషారుగా ఉన్నారు. నొప్పి లేదు, మూత్రం రెండు రోజులుగా తేటగా వస్తోంది. పొద్దున్నే పెరట్లో మొక్కలకు నీళ్ళు పోద్దామని నిండు బకెట్ ఎత్తారు, ఒక్కటే బకెట్. గంట తర్వాత బాత్రూంలోంచి నన్ను పిలిచారు. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తెల్లటి టాయిలెట్ అంతా ఎర్రగా ఉంది. మధ్యలో గోరంత నల్లటి పొర ఒకటి.

ఆ పొర పుండు మీది పక్కు. మోకాలి దెబ్బకు పక్కు కట్టి, కొన్నాళ్ళకు రాలినట్టే, లోపలి పుండుకు కట్టిన పక్కు కూడా ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య రాలుతుంది. అది రాలినప్పుడు కింద కాస్త రక్తం వస్తుంది. బరువెత్తకపోయినా రావొచ్చు. ఎత్తితే, ముక్కితే ఎక్కువ వస్తుంది.

ఆ రోజు ఫోన్ చేస్తే డాక్టర్ చెప్పింది ఇదే: పనులన్నీ ఆపి పడుకోమనండి, నీళ్ళు ఎక్కువ తాగించండి, ప్రతిసారీ రంగు చూడండి. సాయంత్రానికి గులాబీ, మర్నాటికి లేత పసుపు. ఇలా వచ్చీ పోయే రక్తం నాలుగు వారాల వరకు మామూలే. కొంచెం రక్తం కలిసినా మూత్రమంతా ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి చూడటానికి భయంగా ఉన్నా, పోయేది సాధారణంగా కొంచెమే.

మరి ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?

మూత్రం చిక్కటి ఎరుపులో టమాటా రసంలా ఉండి, నీళ్ళు తాగి పడుకున్నా పలచబడకపోతే. గడ్డలు గడ్డలుగా పడుతుంటే. పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉన్నా మూత్రం బయటికి రాకపోతే. ఇది తెల్లారేదాకా ఆగే విషయం కాదు, అర్ధరాత్రైనా వెళ్ళాలి. చలితో కూడిన జ్వరం, లేదా 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి. వృషణం వాచి నొప్పి పెట్టినా అంతే. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే రక్తనాళంలో గడ్డకట్టిందేమోనని అనుమానించి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

నీళ్ళు ఎన్ని తాగాలి?

రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు, పగలంతా కొంచెం కొంచెంగా. మంట భయంతో నీళ్ళు మానేసేవాళ్ళను చూశాను. అప్పుడు మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఈ లెక్కను పట్టుకోకుండా డాక్టర్ చెప్పినంతే తాగాలి. కాఫీ, టీ, మద్యం మూత్రాశయాన్ని చిరాకు పెడతాయి. మొదటి కొన్ని వారాలు కాఫీ, టీ తగ్గించుకుంటే, మద్యం మానేస్తే మంచిది.

విరేచనం సాఫీగా కావట్లేదు. దీనికీ ఆపరేషన్‌కీ సంబంధం ఉందా?

ఉంది. ప్రోస్టేట్ సరిగ్గా మలాశయం ముందే ఉంటుంది. ముక్కితే ఆ ఒత్తిడంతా పుండు మీదే పడి రక్తం వస్తుంది. పీచు ఉన్న తిండి, నీళ్ళు, కాస్త నడక ఉంటే చాలామందికి సరిపోతుంది. లేకపోతే విరేచనం మెత్తబడే మందు అడిగి తీసుకోండి, ఓర్చుకోవద్దు. డాక్టర్‌ను అడగకుండా ఎనిమా మాత్రం పెట్టించుకోకండి.

బాత్రూం చేరేలోపే పడిపోతోంది. దగ్గినా తడి అవుతోంది. ఇక ఇంతేనా?

ఇంతే కాదు. ఈ కష్టం గురించి నాన్నగారు మాకు వారం దాకా చెప్పలేదు. లోదుస్తులు తానే ఉతుక్కుని, తలుపు వెనక ఆరేసుకునేవారు. అది చూశాకే తెలిసింది. అందుకే ఇంట్లోవాళ్ళకు నా మనవి: వాళ్ళు చెప్పేదాకా ఎదురు చూడకుండా మీరే మామూలుగా అడగండి, ప్యాడ్‌లు తెచ్చి బాత్రూంలో పెట్టండి.

చాలామందికి ఇది కొన్ని వారాల్లో, కొందరికి, ముఖ్యంగా హోలెప్ తర్వాత, కొన్ని నెలల్లో తగ్గుతుంది. శాశ్వతంగా మిగిలేది చాలా కొద్దిమందికే. తొందరగా తగ్గడానికి కీగెల్ వ్యాయామం చేయాలి. గ్యాస్ బయటికి పోకుండా ఎలా బిగబడతారో అలా లోపలి కండరాన్ని బిగించి, ఐదు సెకన్లు ఉంచి, ఐదు సెకన్లు వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. పైపు తీశాకే మొదలుపెట్టాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజూ వ్యాయామంగా చేయొద్దు. లేచేటప్పుడు, దగ్గే ముందు ఒకసారి బిగించడం అలవాటైతే తేడా త్వరగా తెలుస్తుంది.

నడక, బరువులు, బండి, ఉద్యోగం?

నడక మొదటి రోజు నుంచే. రక్తం గడ్డకట్టకుండా అదే కాపాడుతుంది. మెట్లు నెమ్మదిగా ఎక్కొచ్చు. నాలుగైదు కిలోలు దాటిన బరువు నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తొద్దు. నీళ్ళ బకెట్, గ్యాస్ సిలిండర్, సూట్‌కేస్ అన్నీ ఆ లెక్కలోవే. మనవడు చేతులు చాస్తే ఎత్తుకోకుండా కూర్చుని ఒళ్ళో పెట్టుకోండి. పైపు ఉండగా, మత్తు కలిగించే నొప్పి మాత్రలు వాడుతుండగా కారు నడపొద్దు. తర్వాత కూడా ఒక్కసారిగా బ్రేక్ తొక్కితే నొప్పి లేదనుకున్నాకే, సాధారణంగా రెండు వారాలకు. సైకిల్, మోటార్‌సైకిల్ సీటు సరిగ్గా పుండు కింద నొక్కుతుంది కాబట్టి ఆరు వారాలు ఆగండి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు వారాల్లో వెళ్ళొచ్చు, ఒళ్ళు వంచి చేసే పనికి ఆరు వారాలు పడుతుంది.

రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి? పాత ప్రోస్టేట్ మాత్రలు కొనసాగించాలా?

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి రోజే తేదీతో సహా రాయించుకోండి. ముందే వేసుకుంటే రక్తస్రావం, మర్చిపోయి మానేస్తే గుండెకు, మెదడుకు ముప్పు. గుండెలో స్టెంట్ ఉంటే గుండె డాక్టర్, యూరాలజిస్ట్ (మూత్ర సంబంధ జబ్బుల డాక్టర్) ఇద్దరూ కలిసి నిర్ణయించాల్సిన విషయం. టామ్సులోసిన్, ఫినాస్టెరైడ్ వంటి ప్రోస్టేట్ మందులు చాలామందికి ఆపేస్తారు, అదీ అడిగాకే ఆపండి.

దాంపత్య జీవితం మాటేమిటి?

నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. అంగస్తంభనకు సంబంధించిన నరాలు గ్రంథి పెంకు బయట ఉంటాయి, ఈ ఆపరేషన్ లోపలే జరుగుతుంది కాబట్టి ఎక్కువమందిలో అది ముందెలా ఉందో తర్వాతా అలాగే ఉంటుంది.

మారేది వీర్యం దారి. మూత్రాశయం మూతి వెడల్పవడంతో వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్ళి, తర్వాత మూత్రంతో పోతుంది. టీయూఆర్‌పీ, హోలెప్ చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఇలా అవుతుంది, శాశ్వతంగా. ఒంటికి హాని లేదు, తృప్తి చాలావరకు అలాగే ఉంటుంది. కానీ ఎవరూ ముందే చెప్పకపోతే మనిషి బెదిరిపోతాడు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. అలాగని దీన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు.

మూడు నెలలైంది, ధార బాగుంది. కానీ రాత్రిళ్ళు ఇంకా రెండుసార్లు లేస్తున్నారు.

రాత్రి లేవడానికి ప్రోస్టేట్ ఒక్కటే కారణం కాదు. వయసుతో కిడ్నీలు రాత్రిపూటే మూత్రం ఎక్కువ తయారుచేస్తాయి. షుగర్, గుండె బలహీనత, కాళ్ళ వాపు, గురకతో ఊపిరి ఆగే జబ్బు, సాయంత్రం వేసుకునే నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) కూడా కారణాలే. రెండు మూడు రోజులు ఎప్పుడు ఎంత పోశారో కొలిచి కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. డాక్టర్‌కు ఆ కాగితం చాలా ఉపయోగపడుతుంది.

మొదట్లో బాగా వచ్చిన ధార మళ్ళీ సన్నబడుతోంది.

ఆలస్యం చేయకుండా చూపించండి. పుండు మానేటప్పుడు మూత్రనాళంలోనో, మూత్రాశయం మూతి దగ్గరో మచ్చ కట్టి బిగుసుకుపోవచ్చు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోపు ఇది బయటపడుతుంది. ధార వేగం కొలిచే పరీక్షతో అనుమానం తేలుతుంది, దారిని వెడల్పు చేసే వైద్యం ఉంది.

ప్రోస్టేట్ తీసేశారు కదా, ఇక మళ్ళీ పెరగదా? క్యాన్సర్ భయం పోయినట్టేనా?

తీసింది లోపలి భాగమే. గ్రంథి బయటి పొర అలాగే ఉంటుంది, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది ఆ బయటి భాగంలోనే. కాబట్టి ఆ భయం పోయినట్టు కాదు. మిగిలిన కండ ఏళ్ళ మీద మళ్ళీ పెరిగి, టీయూఆర్‌పీ తర్వాత కొందరికి ఇంకోసారి ఆపరేషన్ అవసరం అవుతుంది. హోలెప్ తర్వాత ఆ అవసరం తక్కువ.

తీసిన ముక్కల్ని పరీక్షకు పంపుతారు. కొద్దిమందిలో అంతవరకు తెలియని క్యాన్సర్ అందులో బయటపడుతుంది. అందుకే రిపోర్ట్ వచ్చిందా, ఏముంది అని రివ్యూ రోజు మీరే గుర్తుచేసి అడగండి. ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీన్‌ను కొలిచే పీఎస్ఏ రక్తపరీక్ష ఆపరేషన్ అయిన వెంటనే చేయిస్తే పచ్చి పుండు వల్ల ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్లు సాధారణంగా మూడు నెలల దాకా ఆగమంటారు. కండ చాలావరకు పోయింది కాబట్టి అప్పుడు వచ్చే అంకె మునుపటికంటే బాగా తక్కువ ఉంటుంది. ఆ కొత్త అంకెను ఫైల్లో రాసి పెట్టుకోండి. ఇకమీదట ఏ ఏడు చేయించినా దానితోనే పోల్చి చూడాలి. ల్యాబ్ కాగితం మీద 'నార్మల్' అని ఉన్నా, ఈ అంకె నుంచి పైకి ఎక్కుతూ పోతుంటే యూరాలజిస్ట్‌కు చూపించాలి.